ఎఫ్‌టీసీ రోబోకి గోబిల్డానా, రెవ్‌నా? కొన్ని సీజన్లు రెండూ వాడాక

డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. 2021-22 నాటి ఫ్రైట్ ఫ్రెంజీ సీజన్ నుంచి మా కాలనీ పిల్లల ఫస్ట్ టెక్ ఛాలెంజ్ (ఎఫ్‌టీసీ) అనే రోబో పోటీ టీమ్‌కి సామాను కొనే పని నా నెత్తిన పడింది. ఏటా సెప్టెంబరులో కొత్త గేమ్ ప్రకటించగానే ఇక్కడి తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: "అన్నా, గోబిల్డా కొనాలా, రెవ్ కొనాలా?" రెండూ రోబో విడిభాగాలు అమ్మే కంపెనీలు. నా జవాబు ఇదీ. కరెంటు పారే చోట రూల్స్ మనకి పెద్దగా ఛాయిస్ ఇవ్వవు, అక్కడ పిసినారితనం వద్దు. మిగతా చోట్ల రూల్స్ చేతులు కట్టెయ్యవు, కాబట్టి అక్కడ డబ్బు తగలెయ్యక్కర్లేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు రోబోకి మెదడులాంటి రెవ్ కంట్రోల్ హబ్ కొనుక్కోవడమే, ఇంకో ఆలోచన అక్కర్లేదు. దానికి నాలుగు మోటారు పోర్టులు, ఆరు సర్వో (చెప్పిన కోణానికి తిరిగే చిన్న మోటారు) పోర్టులు ఉంటాయి. ఎక్స్‌పాన్షన్ హబ్ తగిలిస్తే ఇంకో నాలుగు, ఇంకో ఆరు. రోబోకి మొత్తం ఎనిమిది మోటార్లకే అనుమతి కాబట్టి లెక్క అక్కడికి సరిపోతుంది. సర్వో పోర్టుల్లో వచ్చేది 5 వోల్టులే. బరువు ఎత్తే సర్వో ఉంటే మధ్యలో రెవ్ సర్వో పవర్ మాడ్యూల్ పెట్టి 6 వోల్టులు ఇవ్వండి, తేడా పిల్లలే చెప్తారు.

మోటార్లు పోటీ రూల్స్ మాన్యువల్‌లో పేరు పెట్టి రాసినవే వాడాలి. అచ్చం అలాగే కనిపించే గేర్ మోటార్లు ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతాయి, కానీ ఇన్‌స్పెక్షన్‌లో ఆగిపోతాయి. మేం డ్రైవ్‌కి వాడేవి గోబిల్డా ఎల్లో జాకెట్ 5203, 312 ఆర్‌పీఎం రకం. షాఫ్టు ఒక్క చుట్టు తిరిగితే, తిరుగుడు లెక్కపెట్టే ఎన్‌కోడర్ 537.7 పల్సులు చూపిస్తుంది. మా పిల్లలకి ఆ అంకె అమ్మ ఫోన్ నంబరులా నోటికొచ్చు. గేమ్ మారినప్పుడల్లా అవే మోటార్లు విప్పి కొత్త రోబోకి బిగిస్తున్నాం, ఇప్పటికీ బాగానే తిరుగుతున్నాయి. వాటి వైరు చివర ఉండే బుల్లెట్ కనెక్టర్లు హబ్‌లోకి ఎక్కవు కాబట్టి ఆర్డర్ పెట్టేటప్పుడే అడాప్టర్ వైర్లు ఉన్నాయో లేదో చూసుకోండి. సీజన్ మధ్యలో వేగం, బలం మార్చుకుంటూ ఉండే చోట మాత్రం రెవ్ అల్ట్రాప్లానెటరీ గేర్‌బాక్స్ నాకు ఎక్కువ నచ్చింది. 3:1, 4:1, 5:1 గేర్ డబ్బీలు ఒకదాని మీద ఒకటి పేర్చుకోవడమే. చేతులనిండా గ్రీజు అవుతుంది గానీ గేరు అంటే ఏంటో ఏడో తరగతి పిల్లకి కూడా అప్పుడే అర్థమవుతుంది.

బ్యాటరీ కూడా అంతే. జాబితాలో ఉన్న 12 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ ప్యాక్, అదీ ఒక్కటే. డ్రోన్లు ఎగరేసే మా బావమరిది వచ్చినప్పుడల్లా "లైపో పెట్టు బావా, ఎగిరిపోద్ది" అంటాడు. డ్రోన్లలో వాడే ఆ లిథియం బ్యాటరీ జాబితాలో లేదు, ఎగిరిపోయేది మా టీమే. మూడు నాలుగు ప్యాకులు ఛార్జ్ చేసి ఉంచుకుంటే టోర్నమెంట్ రోజు టెన్షన్ ఉండదు. ఇంకో సంగతి స్టాటిక్ కరెంటు. చలికాలం పొడిగాలికి, ఫోమ్ టైల్స్ మీద చక్రాలు రాసుకుని రోబో ఉన్నట్టుండి నిలబడిపోతుంది. అలాగని ఏదో ఒక వైరుతో హబ్‌ని ఫ్రేముకి కలిపెయ్యకూడదు. రెవ్ రెసిస్టివ్ గ్రౌండింగ్ స్ట్రాప్‌తోనే కలపాలి.

ఇక ఫ్రేము. గోబిల్డాది 8 మిల్లీమీటర్ల ఎడంతో రంధ్రాలున్న ఛానెల్, ఎం4 (4 మిల్లీమీటర్ల) స్క్రూలు. రెవ్‌ది 15 మిల్లీమీటర్ల ఎక్స్‌ట్రూజన్ (పొడవునా గాడి ఉన్న అల్యూమినియం కడ్డీ), ఎం3 స్క్రూలు. ఎక్స్‌ట్రూజన్‌లో బ్రాకెట్‌ని కావాల్సిన చోటికి జరుపుకోవచ్చు, కానీ దెబ్బలు తిన్నాక అది తనే జరుగుతుంది. రంధ్రాల ఛానెల్ జరగదు, కొలతకి లొంగదు కూడా. రెండూ కలిపి కట్టొచ్చు, రూల్స్ అడ్డురావు. కాకపోతే పిట్‌లో (టోర్నమెంట్‌లో రోబోని బాగుచేసుకునే చోటు) ఎనిమిది నిమిషాలే మిగిలినప్పుడు, ఎం3, ఎం4 కలిసిపోయిన డబ్బాలో సరైన స్క్రూ కోసం పిల్లలు వెతుకుతుంటే చూడలేం. ఫ్రేముకి మేం గోబిల్డా దగ్గరే స్థిరపడ్డాం.

అసలు సరదా ముడిసరుకులో ఉంది. రేకు, ప్లైవుడ్, రబ్బరు బ్యాండ్లు, సర్జికల్ ట్యూబింగ్, త్రీడీ ప్రింట్ ముక్కలు, అన్నిటికీ అనుమతి ఉంది. కూరగాయలు తరిగే తెల్ల ప్లాస్టిక్ బోర్డు మంచి హెచ్‌డీపీఈ ప్లాస్టిక్, రంపంతో హాయిగా తెగుతుంది, సాగే స్లైడ్ల కింద నున్నగా జారుతుంది. మా ఇంట్లో రెండు మాయమయ్యాయి. పారదర్శక పలకలు కావాలంటే అక్రిలిక్ వద్దు, గుద్దుకుంటే పగిలి పదునైన పెంకులవుతుంది. పాలీకార్బొనేట్ వంగుతుంది గానీ విరగదు. దానికీ ఒక శత్రువు ఉంది, స్క్రూ వదులవకుండా రాసే థ్రెడ్‌లాకర్. అది తగిలిన చోట స్క్రూ చుట్టూ సన్నటి గీతల్లా పగుళ్లు మొదలవుతాయి, తర్వాత ముక్క ఊడి చేతికొస్తుంది. అక్కడ నైలాక్ నట్లు (లోపలి నైలాన్ రింగు వల్ల వదులవనివి) వాడండి. ప్రింట్ ముక్కల్లో దెబ్బలు తినేవి పీఎల్‌ఏ ప్లాస్టిక్ కన్నా పెట్‌జీ ప్లాస్టిక్‌లో తీస్తే మేలు.

తల్లిదండ్రులు ఉత్సాహంగా తెచ్చేవాటిలో పనికిరానివీ ఉంటాయి. 2024-25 ఇన్‌టు ద డీప్‌లో రోబో కడ్డీకి వేలాడాలి. కారు డిక్కీకి ఉండే గ్యాస్ స్ప్రింగ్ పెడితే అయిపోదా అని ఒక నాన్నగారు తెచ్చేశారు. మూసి ఉంచిన గ్యాసుతో పనిచేసేది ఏదైనా నిషేధమే, గాలి కంప్రెసర్‌తో సహా. నేల టైల్స్‌ని చీల్చేంత పట్టున్న చక్రాలూ కుదరవు. కెమెరాగా మామూలు యూఎస్‌బీ వెబ్‌క్యామ్ సరిపోతుంది. 2024-25 నుంచి లైమ్‌లైట్ 3ఏ అనే స్మార్ట్ కెమెరాకి కూడా అనుమతి వచ్చింది, ప్రోగ్రామింగ్ పిల్లలకి పండగే. రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ మాత్రం ఇంట్లోనే ఉంచండి.

ఇన్‌స్పెక్షన్‌లో రోబో 18 అంగుళాల పెట్టెలో పట్టాలి. తర్వాత ఇన్‌స్పెక్టర్ అంచుల వెంట వేలు పోనిస్తాడు. జిప్ టై తోక ఏటవాలుగా కోసి ఉంటే అక్కడే గీరుకుంటుంది, ఫ్లష్ కట్టర్‌తో మొదలంటా కొయ్యండి. మెయిన్ స్విచ్ చేతికి అందేలా, లేబుల్‌తో ఉండాలి.

పెద్ద క్లాసులైపోయిన పిల్లల టీమ్‌ల దగ్గర సెకండ్‌హ్యాండ్ మోటార్లు, ఛానెళ్లు నిశ్చింతగా తీసుకోవచ్చు. పాత బ్యాటరీ మాత్రం వద్దు, లోడ్ పడగానే వోల్టేజీ కూలబడుతుంది. ఏది కొన్నా ముందు ఆ ఏటి మాన్యువల్ తెరిచి చూడండి, జాబితా మారుతుంటుంది. మొదటి ఏడాది టీమ్ అయితే కంట్రోల్ హబ్, డ్రైవర్ హబ్ (రోబోని నడిపేవాళ్ల దగ్గరుండే స్క్రీన్), గోబిల్డా స్ట్రేఫర్ ఛాసిస్ కిట్ (చక్రాలతో సహా కింది ఫ్రేము), రెండు బ్యాటరీలు, ఒక పాలీకార్బొనేట్ షీటు తెచ్చుకోండి. చేతులూ స్లైడ్లూ సెప్టెంబరులో గేమ్ చూశాకే.