హిమాలయన్‌కి రెండు క్రాష్ గార్డులు, నాలుగేళ్ల రాయగడ దార్లు

మొదటి క్రాష్ గార్డు (బండి పడితే ఇంజిన్‌కి దెబ్బ తగలకుండా రెండు పక్కలా వేసే గొట్టాల చట్రం) బిగించిన రోజు మా అమ్మ గుమ్మంలోంచి చూసి, "బండికి కిటికీ గ్రిల్లు పెట్టించావేట్రా?" అంది. అప్పుడు నవ్వేశాను కానీ పద్నాలుగు నెలల తర్వాత ఆ మాటే నిజమని తేలింది. అది చూడ్డానికి గ్రిల్లే, చేసిన పనీ గ్రిల్లు పాటిదే.

నాది సెల్ టవర్ల మరమ్మతు పని. ఇల్లు ఒడిశాలోని రాయగడలో. టవర్లు మాత్రం కాశీపూర్, నారాయణపట్న, మునిగూడ వైపు కొండల మీద ఉంటాయి. తారు రోడ్డు అయిపోయాక మూడు నాలుగు కిలోమీటర్లు ఎర్రమట్టి, వానాకాలమైతే ఎర్రబురద. బండి 2021లో కొన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411. ముందు చక్రం 21 అంగుళాలు, నేల నుంచి ఎత్తు 220 మిల్లీమీటర్లు, ఈ దార్లకి సరిగ్గా సరిపోతుంది. బరువే చిక్కు. పెట్రోలుతో కలిపి బండే 199 కిలోలు, పైన నా టూల్ బ్యాగు. ఇప్పటికి 52,000 కిలోమీటర్లు తిరిగింది, తొమ్మిదిసార్లు పడింది. అందులో ఆరుసార్లు బండి ఆగి ఉండగానో, నడక వేగంలోనో పడింది. ఈ లెక్క ముందే తెలిసుంటే మొదటి గార్డు కొనేవాణ్ణి కాదు. గార్డు అనగానే ఘాట్‌లో అరవైలో జారిపోయే సీను ఊహించుకుంటాం. నిజంగా జరిగేది, సైడ్ స్టాండు మెత్తటి మట్టిలో దిగి బండి మెల్లగా ఒరిగిపోవడం.

మొదటిది స్టెయిన్‌లెస్ స్టీలు. పెద్దది, మెరిసేది, ట్యాంకు పక్క దాకా పైకి లేచేది. ఆన్‌లైన్‌లో 6,500 పెట్టి తెప్పించాను. కంపెనీ పేరు రాయను. కింద ఇంజిన్ ముందు మౌంటు (ఇంజిన్‌ని ఫ్రేముకి బిగించే చోటు) దగ్గర ఒక్కో వైపు ఒక్కటే బోల్టు. పైన ట్యాంకు పక్కనున్న ర్యాక్ గొట్టానికి క్లాంపు. ఎడమ గార్డుకీ కుడి గార్డుకీ మధ్య కలిపే అడ్డ కడ్డీ లేదు. ఇవన్నీ ఇప్పుడు చెబుతున్నాను. అప్పుడు నేను చూసింది మెరుపొక్కటే.

రెండో వానాకాలంలో కాశీపూర్ దగ్గర టవర్ దారిలో ముందు చక్రం బురదలో పక్కకి జారింది. వేగం ఇరవై కూడా లేదు. బండి ఎడమకి పడింది, నేను దూరంగా కూర్చుండిపోయాను. పొలంలోంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు లేపిపెట్టారు. గార్డు మీద గీతలు తప్ప ఏమీ లేదు, మహా సంతోషపడ్డాను. తీరా స్టార్ట్ చేస్తే కొత్త వణుకు. ఇంటికొచ్చి విప్పితే మౌంటు బోల్టు వంగి ఉంది, అది దూరే రంధ్రం కోడిగుడ్డులా సాగింది. పైన క్లాంపు ర్యాకుని లోపలికి నెట్టి ట్యాంకు మీద చిన్న సొట్ట వేసింది. గార్డు క్షేమం, బండికి దెబ్బ!

ఆ బోల్టు తల మీద ఎ2-70 అని ఉంది, అంటే మామూలు స్టెయిన్‌లెస్ బోల్టు. ఇంజిన్ మౌంట్లకి 8.8, 10.9 అని తల మీద అంకెలున్న గట్టి ఉక్కు బోల్టులు వేస్తారు. బలంలో 10.9 ముందు ఎ2-70 బాగా తక్కువ. గార్డు కిట్టులో మెరిసే బోల్టులు వస్తే తల మీద రాసింది చదవండి. మౌంటు చోట ఆ మెరుపు వద్దు. నేను పార్వతీపురం వెళ్లి 10.9 బోల్టులు కొలత చూసి తెచ్చుకున్నాను. ఒక్కోటి టీ, రెండు సమోసాల ఖరీదు.

గార్డుని కొంచెం కత్తిరించి మధ్యలో అడ్డ కడ్డీ వేయిద్దామని మా వీధి చివర వెల్డింగ్ షాపుకి తీసుకెళ్లాను. ఆయన చేత్తో తట్టి చూసి, "బావూ, ఇది స్టీలు. నా దగ్గరున్న రాడ్డుకి పట్టదు. ఇనపదైతే ఎన్నిసార్లు ఇరిగినా అంటిస్తాను" అన్నాడు. స్టెయిన్‌లెస్‌కి వేరే రాడ్డు కావాలి, శుభ్రంగా రావాలంటే ఆర్గాన్ వెల్డింగ్ కావాలి. మామూలు ఆర్క్ వెల్డింగ్ మిషను లక్ష్మీపూర్‌లోనూ దొరుకుతుంది, బిస్సంకటక్‌లోనూ దొరుకుతుంది. నా నిర్ణయం ఆ షాపులోనే అయిపోయింది. స్టెయిన్‌లెస్ అంటే ఇనుము కంటే గట్టిదని మనకో నమ్మకం. దాని గొప్పతనం తుప్పు పట్టకపోవడంలో ఉంది. వంగకుండా నిలబడే విషయంలో మామూలు మైల్డ్ స్టీలు (మనం ఇనుము అనేది ఇదే) కంటే పెద్దగా ముందుండదు. అసలు నాకు కావలసింది వంగే గార్డు. దెబ్బ తగిలితే ముందు అదే సొట్టపడాలి, ఆ తర్వాతే బోల్టు, ఫ్రేమ్ సంగతి.

రెండోది మైల్డ్ స్టీలు, నల్ల పౌడర్ కోటింగ్, 4,200. ఒక్కో వైపు మూడు చోట్ల బిగింపు, రెండు వైపులనీ కలుపుతూ ఇంజిన్ ముందు అడ్డ కడ్డీ. ట్యాంకు ర్యాకుని ముట్టుకోదు. కొనేముందు పైపు మందం అడిగితే అమ్మేవాడు "హెవీ గేజ్ సార్" అన్నాడు. ఆ మాటకి అర్థమేమీ లేదు. నేను ఇంకో దారి పట్టాను. బయటి కొలత ఒక అంగుళం, గోడ మందం 2 మిల్లీమీటర్లు ఉన్న ఉక్కు పైపు మీటరుకి కిలో నూటయాభై గ్రాములు తూగుతుంది. గోడ 1.2 అయితే ఏడువందల గ్రాములే. టేపుతో పైపు పొడవు కొలిచి, మీటరు లెక్కన కట్టి, అతను చెప్పిన బరువుతో పోల్చాను. నాలుగు మీటర్ల పైపు, ప్లేట్లతో కలిపి ఐదున్నర కిలోలు. లెక్క సరిపోయింది. అదే పొడవు పైపున్న గార్డుని మూడు కిలోలే అని అమ్ముతుంటే అది రేకు గొట్టమే. పోనీ తొమ్మిది కిలోలు ఉంటేనో? అది ముందు చక్రం మీద మోయడానికి దండగ.

బిగించాక చేసిన పరీక్ష మాత్రం ప్రతి ఒక్కరూ చెయ్యాలి. పాత పరుపు మీద చెక్క పలక వేసి, నేనూ మా బావమరిదీ కలిసి బండిని మెల్లగా దాని మీద పడుకోబెట్టాం. పెట్రోలు తక్కువగా ఉన్న రోజు చూసుకోవాలి. పలకకి హ్యాండిల్ చివర, గార్డు, వెనక ఫుట్‌పెగ్ తగిలాయి. గేర్ లివర్‌కీ పలకకీ మధ్య రెండు వేళ్లు దూరాయి. రెండో వైపు బ్రేక్ పెడల్ కూడా అంతే. ఆ మొదటి గార్డుతో ఇలా చేసుంటే గేర్ లివర్ నేలకి తగిలేదని ఇంట్లోనే తెలిసిపోయేది. మూడు వేల అడుగుల ఎత్తులో, సిగ్నల్ లేని చోట (టవర్ వాడికే సిగ్నల్ లేకపోవడం, అది వేరే బాధ) లివర్ని రాయితో కొట్టి సరిచేసుకునే పని తప్పేది.

ఈ గార్డుతో ఇప్పటికి ఆరుసార్లు పడ్డాను. పెద్దది నారాయణపట్న దారిలో, మలుపులో ఒలికి ఉన్న కంకర మీద ముప్ఫై ఐదు నలభై వేగంలో కుడివైపు జారాను. గార్డు కింది వంపు రెండు వేళ్ల లోతు సొట్టపడింది, పెయింటు చెయ్యి మేర లేచిపోయింది. ఇంజిన్ కవరుకి గీత లేదు, ఆయిల్ కూలర్ క్షేమం, బోల్టులు విప్పి చూస్తే నిటారుగానే ఉన్నాయి. అదే బండి మీద ఇంటికి వచ్చాను. మర్నాడు మన వెల్డింగాయన వేడి చేసి, లోపల రాడ్డు పెట్టి సాగదీసి 150 తీసుకున్నాడు.

కాళ్ల విషయానికి వస్తే, గార్డు ఉంది కదా అని ఎవరూ ధైర్యపడొద్దు. 1981లో వచ్చిన హ్యారీ హర్ట్ బృందం నివేదిక, లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలని చోటుకే వెళ్లి పరిశీలించినది, ఈ విషయం ఎప్పుడో తేల్చింది. క్రాష్ బార్ వల్ల పాదానికీ చీలమండకీ దెబ్బలు ఎంత తగ్గాయో, మోకాలికీ పిక్కకీ తొడకీ అంత పెరిగాయి. అప్పటి అమెరికా బండ్లు వేరు, దార్లు వేరు, కానీ నా అనుభవమూ దానికి దగ్గరగానే ఉంది. బురదలో కాలు కింద పెట్టబోతే కింది పైపు మోకాలి కింద ఎముకకి తగులుతుంది. రెండుసార్లు కమిలిపోయింది. బూట్లు, మోకాలి ప్యాడ్లు కొన్నాక గానీ ఆ భయం పోలేదు. గార్డు కాపాడేది బండిని.

లోపాలు లేవని అనను. తుప్పు ఉంది. మా దగ్గర జూన్ నుంచి అక్టోబర్ దాకా తడి ఆరదు. పెయింటు లేచిన చోట మూడో రోజుకల్లా ఎర్రగా అవుతుంది. చిన్న డబ్బా నల్ల ఎనామిల్, ఒక గరుకు కాగితం బ్యాగులోనే ఉంచుకుంటాను. పైపు కింద నీళ్లు కారే చిన్న రంధ్రం మట్టితో మూసుకుపోతే తుప్పు లోపలినుంచి తింటుంది, ఆ సంగతి ఏడాది దాకా నాకు తట్టలేదు. ఆయిల్ ఫిల్టర్ మార్చేటప్పుడు ఒక బోల్టు వదులు చెయ్యాల్సి వస్తుంది, మెకానిక్ ప్రతిసారీ గొణుగుతాడు. ఈ సింగిల్ సిలిండర్ వణుకుకి బోల్టులు వదులవుతాయి. నీలం రంగు థ్రెడ్‌లాకర్ (మరలు వదులవకుండా పట్టే జిగురు) రాసి, బోల్టు తల మీంచి ప్లేటు మీదికి తెల్ల పెయింటుతో ఒక గీత గీశాను. గీత విరిగినట్టు కనిపిస్తే బోల్టు తిరిగిందన్నమాట. స్పానర్ పట్టక్కర్లేదు, టీ తాగుతూ కూడా చూసుకోవచ్చు.

పొట్టంగి ఘాట్‌లో మంచు పడుతుందని గార్డుకి రెండు పసుపు లైట్లు పెట్టాను, పర్వాలేదు. నీళ్ల క్యాన్లు మాత్రం కట్టొద్దు, నెల రోజులు కట్టి చూశాను, వెల్డింగ్ అతుకు దగ్గర సన్నటి పగులు వచ్చింది. పోలీసులు పట్టుకుంటారా అని చాలామంది అడుగుతారు. 2017 డిసెంబరులో కేంద్రం రాష్ట్రాలకి రాసిన లేఖ కార్లు, జీపుల ముందు పెట్టే బుల్ బార్లు వద్దని. అదే మాటని బైకులకి అంటగడుతున్నారు. హిమాలయన్‌కి రాయల్ ఎన్‌ఫీల్డే ఇంజిన్ గార్డులు అమ్ముతుంది. నన్నయితే ఒడిశాలోగానీ సాలూరు దాటాకగానీ ఎవరూ ఆపలేదు. వెడల్పు మాత్రం హ్యాండిల్‌ని దాటకుండా చూసుకోండి. రాయగడ బజార్లో ఆటోల మధ్య హ్యాండిల్ దూరిన చోట గార్డు ఇరుక్కుంటే పరువు పోతుంది.

ఎప్పుడూ తారు రోడ్డే అయితే కంపెనీ చిన్న గార్డు చాలు. కొండ దారి తప్పనివాళ్లు ఇనపదే కొనండి, పెయింటు డబ్బా కూడా కొనండి.

మొదటి గార్డు పెరట్లో ఉంది. అమ్మ దాన్ని దొండపాదుకి ఆసరాగా పెట్టింది. మూడు వానాకాలాలు తడిసింది, చుక్క తుప్పు లేదు. ఆ మాట ఒప్పుకోవాలి.