ఒడిశాలోని రాయగడ నుంచి క్యాన్సర్ చికిత్సకు విశాఖకా, కటక్‌కా?

ఫైబ్రోలామెల్లార్ కార్సినోమా అరుదైన కాలేయ క్యాన్సర్. సిర్రోసిస్ (కాలేయం గట్టిపడే జబ్బు) లేని యువతీ యువకులకే ఎక్కువ. కాలేయ క్యాన్సర్‌ను పసిగట్టే ఏఎఫ్‌పీ రక్తపరీక్ష ఇందులో చాలాసార్లు మామూలుగానే ఉండి మోసం చేస్తుంది. జీర్ణాశయానికి పాకి రక్తం కారితే మలం తారులా నల్లగా, జిగటగా వస్తుంది. అప్పుడు ఎక్కడికెళ్లాలన్నది తర్వాత, ముందు రాయగడ ఆసుపత్రిలోనే చూపించి, అవసరమైతే రక్తం ఎక్కించండి.

దూరం: విశాఖ రైల్లో నాలుగైదు గంటలు. కటక్‌కి దాదాపు రెట్టింపు.

ఖర్చు: కటక్ ఆచార్య హరిహర్ సంస్థ ఒడిశా సర్కారుదే, ఆయుష్మాన్ కార్డు నడుస్తుంది. విశాఖ అగనంపూడి హోమీ భాభా ఆసుపత్రి టాటా మెమోరియల్‌ది. అయితే ఎన్టీఆర్ వైద్యసేవ ఆంధ్రా వాళ్లకే. ఒడిశా కార్డు తీసుకుంటారో లేదో ఫోన్‌లో అడిగాకే టికెట్ కొనండి.

భాష: ఒడియా రాని అమ్మ వెంట ఉంటే విశాఖే నయం.

ఎటు వెళ్లినా బయాప్సీ (గడ్డ ముక్క తీసి చేసే పరీక్ష) రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు. ముక్కను పోతపోసిన మైనపు దిమ్మెలు, గాజు స్లైడ్లు, సీటీ స్కాన్ సీడీ అడిగి తీసుకోండి. దిమ్మె లేకపోతే మళ్లీ ఎండోస్కోపీ చేసి ముక్క తీయాల్సి రావచ్చు. నీరసించిన మనిషికి అదెంత కష్టమో!

రాయగడలో చూపించినా రక్తం కారడం ఆగక, వేగంగా చేరాల్సిన మనిషికి విశాఖ. నిలకడగా ఉండి, నెలల తరబడి మందులు వాడాల్సి, చేతిలో డబ్బు లేని ఇంటికి కటక్.