థండర్‌బర్డ్ 140: పాత మెయిళ్లు, కీలు, యాడ్-ఆన్లతో సహా కొత్త కంప్యూటర్‌కి మారాక

అనంతపురంలో సుభాష్ రోడ్డు వెనక సందులో మాదొక చిన్న అకౌంట్స్ ఆఫీసు. ఊళ్లో వేరుశనగ వ్యాపారులకు, ధర్మవరంలో కొన్ని పట్టుచీరల షాపులకు జీఎస్టీ లెక్కలు చూస్తాం. దాంతోపాటు జర్మనీలో ఒక చిన్న కంపెనీకి నెలనెలా జీతాల పట్టీలు తయారుచేసి పంపుతాం. వాటిలో మనుషుల పేర్లు, బ్యాంకు ఖాతాలు, పన్ను నంబర్లు ఉంటాయి. అందుకే ఎన్‌క్రిప్ట్ చెయ్యని, అంటే కీ ఉన్నవాళ్లకి తప్ప ఇంకెవరికీ అర్థం కాకుండా మార్చని మెయిల్ పంపితే వాళ్లు తెరిచి కూడా చూడరు. ఈ మెయిళ్లన్నిటికీ మేం నమ్ముకున్నది థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాము. ఈమధ్య విండోస్ 7 కంప్యూటర్‌ని పక్కనపెట్టి విండోస్ 11కి మారాం. దాంతో థండర్‌బర్డ్ కూడా 68వ వెర్షన్ నుంచి 140కి వచ్చింది. ఐదుకి నాలుగున్నర ఇస్తున్నా. ఆ అర మార్కు ఎందుకు తగ్గించానో యాడ్-ఆన్ల (థండర్‌బర్డ్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాముల) దగ్గర చెప్తా.

నా దృష్టిలో ఈ సాఫ్ట్‌వేర్‌లో అన్నింటికన్నా విలువైనది ప్రొఫైల్ ఫోల్డర్. మెయిళ్లు, అడ్రస్ బుక్, పాస్‌వర్డులు, ఎన్‌క్రిప్షన్ కీలు, ఫిల్టర్లు, యాడ్-ఆన్లు, అన్నీ మామూలుగా ఆ ఒక్క ఫోల్డర్‌లోనే ఉంటాయి. మెయిళ్లు ఎంబాక్స్ అనే పద్ధతిలో మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా ఉంటాయి కాబట్టి, రేపు థండర్‌బర్డే వద్దనుకున్నా వాటిని చదవగలిగే ప్రోగ్రాములు వేరేవి బోలెడున్నాయి. జీఎస్టీ లెక్కల్ని వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు దాచాలని చట్టం. నోటీసు వచ్చిందంటే పాత మెయిల్‌కి జతచేసిన ఇన్‌వాయిస్ ఒక్కటి దొరికినా క్లయింటు బయటపడతాడు. అందుకే మెయిల్ మన దగ్గర, మన డిస్కులో ఉండడం నాకు చాలా ముఖ్యం.

కానీ ఆ ఫోల్డర్ ఎక్కడుందో చాలామందికి తెలియదు. విండోస్‌లో అది యాప్‌డేటాలో, రోమింగ్ అనే ఫోల్డర్ లోపల దాగి ఉంటుంది. మామూలుగా చూస్తే యాప్‌డేటా కనిపించదు. ఊళ్లో ఒక రిపేరు షాపులో మాకు తెలిసిన ఒకాయన కంప్యూటర్ ఇస్తే, డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ మాత్రం కాపీ చేసి సి డ్రైవ్ ఫార్మాట్ కొట్టేశారు. ఆయనది పాప్ అకౌంటు, అంటే మెయిళ్లని సర్వర్ నుంచి కంప్యూటర్‌లోకి దించేసుకునే రకం, సర్వర్‌లో ఏమీ మిగల్లేదు. ఏళ్లనాటి కొటేషన్లు, రసీదులు అన్నీ పోయాయి. కంప్యూటర్ ఎవరికి ఇచ్చినా, ఇచ్చే ముందు థండర్‌బర్డ్‌లో హెల్ప్ మెనూకి వెళ్లి, ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్ తెరవండి. అక్కడ ప్రొఫైల్ ఫోల్డర్ అనే వరుసలో ఓపెన్ ఫోల్డర్ బటన్ ఉంటుంది. అది నొక్కి, ఫోల్డర్ ఎక్కడుందో చూసుకుని, థండర్‌బర్డ్ మూసేసి, ఆ ఫోల్డర్ మొత్తం కాపీ తీసుకోండి. ఇది మాత్రం బతిమాలి చెప్తున్నా.

కాపీ తీసేటప్పుడు రెండు సంగతులు చూసుకోవాలి. సి డ్రైవ్‌లో చోటు చాలక, పాత కంప్యూటర్‌లో ఒక అకౌంటు మెయిల్‌ని డి డ్రైవ్‌లో పెట్టుకున్నాం. అలాంటి మెయిల్ ప్రొఫైల్ ఫోల్డర్‌లో ఉండదు, దాన్ని విడిగా తెచ్చుకోవాలి. అకౌంట్ సెట్టింగ్స్‌లో సర్వర్ సెట్టింగ్స్ కింద లోకల్ డైరెక్టరీ అని ఉంటుంది. ఒక్కో అకౌంటుకీ అది ఏ దారి చూపిస్తోందో చూడాలి. రెండోది పెన్‌డ్రైవ్. కొత్త పెన్‌డ్రైవ్‌లు చాలా ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో వస్తాయి, అందులో 4 జీబీ దాటిన ఒకే ఫైలు పట్టదు. ఎంబాక్స్‌లో ఇన్‌బాక్స్ అంతా ఒకే ఫైలు కదా, మాది 4 జీబీ ఎప్పుడో దాటింది. పెన్‌డ్రైవ్‌ని ఆ హద్దు లేని ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చి కాపీ చేశాం. థండర్‌బర్డ్‌లోనే ఎక్స్‌పోర్ట్ సదుపాయం ఉంది, ప్రొఫైల్‌ని జిప్ చేసి ఇస్తుంది. అయితే దాని హద్దు 2 జీబీ. ఇంట్లో వాడుకునేవాళ్లకి అది చాలు, ఆఫీసులకి చాలదు. కాపీకి ముందు ఫోల్డర్లని కాంపాక్ట్ చేస్తే, డిలీట్ చేసిన మెయిళ్లు ఆక్రమించిన చోటు ఖాళీ అవుతుంది. మా ఊళ్లో ఎండాకాలం కరెంటు సంగతి తెలిసిందే. ఇన్‌వర్టర్ మీద నమ్మకం ఉంటేనే ఆ పని మొదలుపెట్టండి.

68 నుంచి 140కి ఒక్క దూకులో వెళ్లలేదు. థండర్‌బర్డ్ వెనకున్న మొజిల్లా వాళ్ల ఆర్కైవ్‌లో పాత వెర్షన్లన్నీ దొరుకుతాయి. ముందు 78, తర్వాత 115, ఆ తర్వాత కొత్త కంప్యూటర్‌లో 140. 78 దగ్గర ఎందుకు ఆగాలంటే, పెద్ద మార్పులు జరిగింది అక్కడే. 2020లో వచ్చిన ఆ వెర్షన్‌లో అడ్రస్ బుక్ ఫైలు పద్ధతి మారింది, క్యాలెండర్ కోసం విడిగా వేసుకునే లైట్నింగ్ ప్రోగ్రాములోనే కలిసిపోయింది, ఎన్‌క్రిప్షన్ కోసం వాడే ఎనిగ్మెయిల్ పనిచెయ్యడం ఆగిపోయింది. ఇక విండోస్ 7 మీద నడిచే చివరి పెద్ద వెర్షన్ 115. ప్రతి మెట్టు దగ్గరా ప్రొఫైల్‌కి ఒక కాపీ తీసి తారీకు వేసి పెట్టాం. కొత్త వెర్షన్ ఒకసారి తెరిచిన ప్రొఫైల్‌ని పాత వెర్షన్‌తో తెరవబోతే థండర్‌బర్డ్ ఒప్పుకోదు, కొత్త ప్రొఫైల్ పెట్టుకోమంటుంది. మెయిల్ పాడవకుండా కాపాడే కట్టడి అది. వెనక్కి రావాలంటే పాత కాపీ ఉండాల్సిందే.

నాకు అసలు టెన్షన్ ఎన్‌క్రిప్షన్ గురించి. 68 దాకా ఓపెన్‌పీజీపీ (మెయిళ్లని ఎన్‌క్రిప్ట్ చేసే ఒక పద్ధతి) పని చేసిపెట్టింది ఎనిగ్మెయిల్ అనే యాడ్-ఆన్. అది కీల కోసం జీపీజీ అనే వేరే ప్రోగ్రాము మీద ఆధారపడేది. అంటే కీలు థండర్‌బర్డ్ ప్రొఫైల్‌లో కాక జీపీజీ సొంత ఫోల్డర్‌లో ఉండేవి. 78 నుంచి ఓపెన్‌పీజీపీ ప్రోగ్రాములోనే భాగమైంది, లోపల ఆర్‌ఎన్‌పీ అనే లైబ్రరీ వాడుతుంది, కీలు ప్రొఫైల్‌లోకి వచ్చాయి. పాత కంప్యూటర్ నుంచి ప్రొఫైల్ మాత్రం తెచ్చుకుంటే మెయిళ్లు వస్తాయి, వాటిని విప్పే కీ మాత్రం అక్కడే ఉండిపోతుంది. ఈ ఒక్క విషయం తెలియక పాత కంప్యూటర్‌ని పాత సామాన్లోళ్లకి అమ్మేస్తే, ఎన్‌క్రిప్ట్ అయిన మెయిళ్లు ఇక ఎవరికీ తెరుచుకోవు. కీ లేకుండా వాటిని విప్పి ఇచ్చే షాపు ఎక్కడా ఉండదు.

కీలు తరలించడానికే ఎనిగ్మెయిల్ చివర్లో 2.2 అనే వెర్షన్ ఇచ్చింది. 78లో అది కీలని తీసుకొచ్చి పెడుతుంది, అంతకు మించి పనేమీ చెయ్యదు. నేను మాత్రం రెండో దారి పట్టా. పాత కంప్యూటర్‌లో జీపీజీ కీలని చూసుకునే క్లియోపాట్రా అనే ప్రోగ్రాము తెరిచి, మా కీ మీద రైట్ క్లిక్ చేసి, బ్యాకప్ సీక్రెట్ కీస్ అనే చోట ఒక ఫైలుగా బయటికి తీశా. చేతిలో ఒక ఫైలు ఉంటే, అప్‌గ్రేడ్ ఏ మెట్టులో ఆగినా మనకి భయం లేదు. ఆ ఫైలుని థండర్‌బర్డ్‌లో ఓపెన్‌పీజీపీ కీ మేనేజర్ నుంచి ఇంపోర్ట్ చేస్తే పాత పాస్‌ఫ్రేజ్ (కీకి పెట్టుకున్న పాస్‌వర్డు) ఒకసారి అడిగి తీసుకుంటుంది. తర్వాత అకౌంట్ సెట్టింగ్స్‌లో ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ పేజీకి వెళ్లి, ఈ అకౌంటుకి ఈ కీ అని చూపించాలి. కీ ఇంపోర్ట్ అయినంత మాత్రాన అకౌంటుకి తగులుకోదు.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. ఎనిగ్మెయిల్ రోజుల్లో సీక్రెట్ కీ, అంటే మనకొచ్చిన మెయిల్‌ని విప్పే కీ వాడబోతే పాస్‌ఫ్రేజ్ అడిగేది. ఇప్పుడు మామూలుగా అడగదు. కీని థండర్‌బర్డ్ తనే తయారుచేసుకున్న ఒక పాస్‌వర్డుతో దాస్తుంది, ఆ పాస్‌వర్డుకి కాపలా ప్రైమరీ పాస్‌వర్డు. అది మీరు పెట్టకపోతే, మీ కుర్చీలో కూర్చున్న ఎవరైనా ఎన్‌క్రిప్ట్ అయిన మెయిల్ చదివేయొచ్చు. బీరువాకి తాళం వేసి చెవి దానికే వేలాడదీసినట్టు. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో ప్రైమరీ పాస్‌వర్డు పెట్టుకోండి, తర్వాతే మిగతా పని. ప్రొఫైల్ మార్చేటప్పుడు కొందరు కావాల్సిన ఫైళ్లు ఏరుకుని తెస్తారు. కీలున్న ఫైళ్లతో పాటు కీ4.డీబీ అనే ఫైలు కూడా రాకపోతే అవి తెరుచుకోవు కాబట్టి, ఏరకుండా ఫోల్డర్ మొత్తం తెచ్చుకోవడమే మేలు.

జర్మనీ వాళ్ల పబ్లిక్ కీని, అంటే వాళ్లకి పంపే మెయిల్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే కీని కూడా మళ్లీ ఇంపోర్ట్ చేశాం. కానీ ఇంపోర్ట్ చేసిన వెంటనే ఆ కీకి థండర్‌బర్డ్ ఎన్‌క్రిప్ట్ చెయ్యదు, ఈ కీని నమ్ముతారా అని అడుగుతుంది. చూసి నిర్ధారించుకోలేదు గానీ ఒప్పుకుంటాను, స్వయంగా సరిచూశాను అని రెండు రకాల ఒప్పుకోళ్లు ఉంటాయి. మేం ఫోన్ చేసి, అవతల పేరోల్ చూసే ఆవిడతో ఆ కీ ఫింగర్‌ప్రింట్ (కీని గుర్తుపట్టే కోడ్) చదివించుకున్నాం. 40 అక్షరాలు, నాలుగేసి చొప్పున. మా ఆఫీసులో అమ్మాయి ఇటు టిక్కులు పెడుతూ, "అక్కా, ఇంత చాదస్తం అవసరమా, ఆమె గొంతు మనకి తెల్సు కదా" అంది. "గొంతు తెల్సు కాబట్టే ఫోన్‌లో చదివిస్తున్నా, మెయిల్‌లో పంపిస్తే ఎవరు పంపిండేదో ఎట్లా తెలుస్తుంది?" అన్నా. కీకి గడువు ఉంటుందని కూడా మర్చిపోవద్దు. థండర్‌బర్డ్‌లో కొత్తగా చేసిన కీకి మామూలుగా మూడేళ్లు. కీ మేనేజర్‌లోనే పొడిగించుకోవచ్చు, పొడిగించాక పబ్లిక్ కీని అవతలివాళ్లకి మళ్లీ పంపాలి. గడువు తీరిన పాత సీక్రెట్ కీని డిలీట్ చెయ్యకండి, దాని జత పబ్లిక్ కీతో ఎన్‌క్రిప్ట్ చేసి మీకు పంపిన మెయిళ్లు దాంతోనే తెరుచుకుంటాయి.

కొత్త కంప్యూటర్‌లో థండర్‌బర్డ్ మొదటిసారి తెరిస్తే అన్నీ ఖాళీగా కనిపిస్తాయి. భయపడక్కర్లేదు. 2019 నుంచి అది ఒక్కో ఇన్‌స్టాలేషన్‌కి ఒక్కో ప్రొఫైల్ కేటాయిస్తుంది. పక్క ఆఫీసులో పెద్దాయన ఒకరు 32 బిట్ థండర్‌బర్డ్ తీసేసి 64 బిట్‌ది వేయించుకున్నారు. "ఏమ్మా, మెయిళ్లన్నీ యాడికి పోయినాయి?" అని కంగారుగా వచ్చారు. "యాడికీ పోలేదు పెద్దాయనా" అని చెప్పి, వెళ్లి ట్రబుల్‌షూటింగ్ పేజీలో ప్రొఫైల్స్ లింకు తెరిచి, పాత ప్రొఫైల్‌ని డిఫాల్ట్ చేసి, మూసి తెరిచా. అన్నీ ఉన్నాయి. ప్రోగ్రాము ఫోల్డర్ మారింది కాబట్టి కొత్త ఇన్‌స్టాలేషన్ అనుకుంది, అంతే. మేమూ ఆ పేజీ నుంచే, తెచ్చుకున్న ఫోల్డర్‌తో ప్రొఫైల్ చేసుకున్నాం.

ఇక యాడ్-ఆన్లు. పాత పద్ధతిలో రాసినవి 78 నుంచి నడవవు. కొత్త పద్ధతిలోకి మార్చి రాసేవాళ్లు ఉన్నవి బతికాయి, లేనివి పోయాయి. మేం బాకీ గుర్తుచేసే మెయిళ్లకి వాడే క్విక్‌టెక్స్ట్ బతికింది. ఫోల్డర్లని ఎంబాక్స్‌గా, పీడీఎఫ్‌గా బయటికి తీసే ఇంపోర్ట్‌ఎక్స్‌పోర్ట్‌టూల్స్ ఎన్‌జీ కూడా ఉంది. ఆడిట్‌కి మెయిళ్లు అప్పజెప్పాలంటే దాన్ని మించింది లేదు. కానీ యాడ్-ఆన్లలో చాలావాటికి పెద్ద వెర్షన్ మారిన ప్రతిసారీ సరిచెయ్యాల్సిన భాగాలు ఉంటాయి, వాటిని రాసేవాళ్లు తీరిక దొరికినప్పుడు చేసే మనుషులు. పనికి ఆధారమైన సదుపాయం ఒక్కరి తీరిక మీద ఆధారపడి ఉండడం నాకు నచ్చదు. అర మార్కు తగ్గింది ఇందుకే. 2025 మార్చి నుంచి థండర్‌బర్డ్ సైట్‌లో డౌన్‌లోడ్ చేసుకునేవాళ్లకి నెలనెలా కొత్త వెర్షన్ ఇచ్చే రిలీజ్ ఛానెల్ డిఫాల్ట్ అయింది. ఆఫీసులో వాడేవాళ్లు అది కాకుండా, ఏడాదికోసారి మారే ఈఎస్ఆర్ వేసుకోండి. 140 అలాంటిదే. అప్‌గ్రేడ్‌కి ముందు ఒక్కో యాడ్-ఆన్ పేజీలో ఏ వెర్షన్ దాకా నడుస్తుందో రాసి ఉంటుంది, చూసుకోండి.

రూపం చాలా మారింది. మెయిళ్లు కార్డుల్లా కనిపించేది నాకు చోటు వృథా అనిపించి, టేబుల్ వ్యూకి మార్చి, డెన్సిటీ కాంపాక్ట్ పెట్టా. దాంతో పాత రూపు చాలావరకు వచ్చింది. తెలుగు మెయిళ్లకి మండలి ఫాంటు పెట్టుకున్నాం. ఆ సెట్టింగు ప్రొఫైల్‌తో పాటే వచ్చింది గానీ ఫాంటు కంప్యూటర్‌కి చెందింది కాబట్టి, మళ్లీ ఇన్‌స్టాల్ చేసేదాకా తెలుగు నిర్మలా యూఐలో కనిపించింది.

ఎన్‌క్రిప్ట్ అయిన మెయిల్ లోపలి మాటలతో వెతికితే దొరకదని కొత్తగా మారేవాళ్లకి చెప్పాలి. సబ్జెక్టు కూడా దాగి ఉంటే, జాబితాలో మూడు చుక్కలే కనిపించొచ్చు. జీతాల పట్టీల మెయిల్‌ని తెరిచాక ఎన్‌క్రిప్షన్ తీసిన కాపీని ఒక లోకల్ ఫోల్డర్‌లో పెట్టుకునే సదుపాయం ఉంది. వెతుక్కోవడానికి బాగుంటుంది, కానీ అప్పుడు ఆ డిస్కుకి బిట్‌లాకర్ (డిస్కు మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ సదుపాయం) లాంటి రక్షణ ఉండాలి. మేం అది పెట్టాకే కాపీలు చేశాం.

ఇదంతా ఉచితం. ఎక్కువగా వాడేవాళ్ల విరాళాలతోనే నడుస్తోంది. అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌కి ఏటా కట్టే డబ్బుతో పోలిస్తే ఏమంత కాదని మేమూ కొంత పంపాం. ఆండ్రాయిడ్ ఫోన్‌లో కూడా ఇప్పుడు థండర్‌బర్డ్ ఉంది, 2024 అక్టోబరులో వచ్చింది. కంప్యూటర్‌లో క్యూఆర్ కోడ్ చూపిస్తే అకౌంట్లు ఫోన్‌లోకి వస్తాయి. కీలు మాత్రం రావు, ఆండ్రాయిడ్‌లో ఓపెన్‌పీజీపీకి ఓపెన్‌కీచెయిన్ అనే వేరే యాప్ కావాలి. జీఎస్టీ అకౌంటుని ఫోన్‌లో పెట్టుకున్నా. జీతాల అకౌంటు పెట్టలేదు, పెట్టను. బస్సులో, బజార్లో చేతులు మారే ఫోన్‌లో వేరేవాళ్ల బ్యాంకు ఖాతాలు ఉండకూడదు.