మతం మారుస్తారా అని అడిగేవాళ్ళకి

మా పెద్దమ్మాయి ఈ ఏడాది పదో తరగతి పూర్తి చేసి, ఐదేళ్ళు చదివిన కేథలిక్ బడి నుంచి బయటికొచ్చింది. బడి పేరు రాయను. మెచ్చుకునేవి ఉన్నాయి, తిట్టేవీ ఉన్నాయి. తిట్టేటప్పుడు పేరెందుకులే. మేం విశాఖ మర్రిపాలెంలో ఉంటాం, హిందువులం, మా ఆయన షిప్‌యార్డులో పనిచేస్తారు. ఈ బడి మాట ఎత్తితే చాలు, మా అపార్ట్‌మెంట్‌లో అందరూ ఫీజు కంటే ముందు అడిగేది ఒకటే. "అక్కా, మతం మార్చేస్తారటగా?" కాబట్టి ల్యాబులూ బస్సులూ వేరేవాళ్ళు రాస్తారు, నేను దీని గురించే రాస్తాను.

మార్చరు. చేర్చేటప్పుడే ఒక కాగితం ఇచ్చి, పిల్లని వాళ్ళ గుడిలో, అంటే చర్చిలో, పూజకి కూర్చోబెట్టచ్చా లేదా అని అడిగి సంతకం తీసుకున్నారు. అది వాళ్ళ మంచితనం అనుకున్నాను. కాదట, రాజ్యాంగంలో 28వ అధికరణం మూడో క్లాజే అలా చెబుతుందని మా మరిది చెప్పాడు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడి ఏదైనా సరే, మైనరు పిల్లల్ని తల్లిదండ్రులు ఒప్పుకోకుండా మతబోధకీ పూజకీ కూర్చోబెట్టకూడదు. మేం ఒప్పుకున్నాం. ఒప్పుకోని వాళ్ళ పిల్లలు ఆ టైములో లైబ్రరీలో కూర్చుంటారు. అసెంబ్లీలో పరలోక జపం ("పరలోకమందున్న మా తండ్రీ" అనే ప్రార్థన) దగ్గర మాత్రం ఎవరినీ ఏమీ అడగరు, అందరూ చేతులు జోడించి నిలబడాల్సిందే. నాకు అభ్యంతరం లేదు. మీకుంటే చేరే రోజే చెప్పండి, మధ్యలో గొడవ పెట్టుకుంటే పిల్ల ఇబ్బంది పడుతుంది.

ఆరో తరగతిలో ఒకరోజు ఏడుస్తూ వచ్చింది. నెలలో మొదటి శుక్రవారం పూజ ఉంటుంది. చివర్లో ఫాదర్ గారు సత్ప్రసాదం (పూజలో పంచే చిన్న రొట్టె బిళ్ళ) ఇస్తుంటే ఇది కూడా ఫ్రెండు వెనకాలే లైన్లో నిలబడిందట. సిస్టర్ గారు వచ్చి భుజం పట్టుకుని పక్కకి తీసుకెళ్ళారట. "అందరికీ పెట్టి నాకు పెట్టలేదమ్మా" అని ఒకటే ఏడుపు. మన గుళ్ళో ప్రసాదం ఎవరు చెయ్యి చాపినా పెడతారు కదా, దానికి తెలిసిన ప్రసాదం అదే. మర్నాడు సిస్టర్ గారే ఫోన్ చేశారు. జ్ఞానస్నానం (బాప్తిస్మం) తీసుకుని, దానికి సిద్ధపడిన వాళ్ళకే ఇస్తారని, పిల్లకి ముందే చెప్పకపోవడం తమ పొరపాటని అన్నారు. ఫోన్ పెట్టేశాక నవ్వొచ్చింది. మార్చేసేవాళ్ళైతే లైన్లో నిలబడ్డ పిల్లని వెనక్కి పంపుతారా?

మా అత్తయ్యగారి భయం పోయింది మాత్రం విబూది బుధవారం రోజున, అంటే ఈస్టర్‌కి ముందు వాళ్ళ ఉపవాసాల కాలం మొదలయ్యే రోజున. మా అమ్మాయి నుదుటి మీద బూడిదతో ఇంటికొచ్చింది. ముందు ఏడాది మట్టల ఆదివారం (ఈస్టర్‌కి ముందు ఆదివారం) నాడు పట్టుకున్న మట్టల్ని కాల్చి ఆ బూడిద చేస్తారట, నువ్వు మట్టివి, మళ్ళీ మట్టిలోనే కలుస్తావని చెప్పి పెడతారట. ఆవిడ అంతా విని, "ఏటీ, ఆళ్ళకీ ఇబూది ఉందేటి!" అన్నారు. ఆ తర్వాత ఆ బడిని ఒక్క మాట అనలేదు.

నాకు అన్నిటికంటే నచ్చింది వై.ఎస్.ఎం., అంటే యంగ్ స్టూడెంట్స్ మూవ్‌మెంట్ అనే పిల్లల సంఘం. కేథలిక్ పిల్లల సంఘం వై.సి.ఎస్. (యంగ్ కేథలిక్ స్టూడెంట్స్) కదా, మిగతా పిల్లలకి తలుపు తీసి పెట్టింది ఇది. వారానికోసారి కూర్చుంటారు. పద్ధతి మూడు మాటలే: చూడు, ఆలోచించు, చెయ్యి. బెల్జియం ఫాదర్ జోసెఫ్ కార్డైన్ అనే ఆయన కార్మిక కుర్రాళ్ళ కోసం మొదలుపెట్టిన పద్ధతి అది. ఎనిమిదిలో వీళ్ళకి ఏం కనిపించిందంటే, గాజువాక వైపు నుంచి వ్యానులో వచ్చే పిల్లలు కొందరు పొద్దున్న ఏమీ తినకుండానే వస్తున్నారని. ఆరున్నరకే వ్యాను ఎక్కాలి, ఆ టైముకి ఇంట్లో స్టవ్ వెలిగించరు. అసెంబ్లీలో కళ్ళు తిరిగి పడ్డ అమ్మాయిని అందరూ చూశారు, ఎందుకు పడిందని అడిగింది మాత్రం వీళ్ళు. తలా పది రూపాయలు వేసుకుని మెట్ల కింద బన్నుల డబ్బా పెట్టారు. ఎవరు తీసుకున్నారో ఎవరూ చూడకూడదని రూలు. రెండేళ్ళు నడిచింది.

అదే ఏడాది ముగ్గురు టీచర్లు వీళ్ళని హార్బర్ దగ్గర మూడు కొండలూ ఒకే రోజు ఎక్కించారు. రాస్ హిల్ మీద మరియమాత గుడి, పక్కన దర్గా కొండ, ఆ పక్కన వేంకటేశ్వరస్వామి కొండ. పుట్టి పెరిగింది ఈ ఊళ్ళోనే, నేను మాత్రం ఇప్పటికీ ఒక్కటే ఎక్కాను. ఏ కొండో చెప్పక్కర్లేదనుకుంటా.

బడి ఫాదర్ గారి గది మెట్ల పక్కనే. తలుపుకి పెద్ద అద్దం ఉంటుంది, లోపల ఎవరున్నా బయటికి కనిపిస్తారు. ఆడపిల్ల తల్లిగా నేను ముందు చూసింది అదే. క్రిస్మస్ ముందు కేథలిక్ పిల్లలు పాపసంకీర్తనానికి (చేసిన తప్పులు ఫాదర్ దగ్గర ఒప్పుకోవడానికి) వెళ్తుంటే మాదీ వెళ్ళి నేనూ చెప్పచ్చా అని అడిగిందట. "అది నీకు కాదమ్మా, కానీ కూర్చో, వింటాను" అన్నారట. ఏం చెప్పిందో నాకు చెప్పలేదు. నేను అడగనూ లేదు, అడగాలని చాలా ఉన్నా.

ఇక తిట్టాల్సింది. కేథలిక్ పిల్లలు సత్యోపదేశానికి (వాళ్ళ మతపాఠాలకి) వెళ్ళే పీరియడ్‌లో మిగతావాళ్ళకి మోరల్ సైన్స్ ఉండాలి. టైంటేబుల్‌లో ఉంది. ఎనిమిది దాకా జరిగింది కూడా. తొమ్మిదిలో ఆ పీరియడ్ లెక్కల టీచర్ పట్టుకుపోయారు. పదిలో వై.ఎస్.ఎం. ఆపేశారు, సత్యోపదేశం ఆపేశారు, అన్నీ స్లిప్ టెస్టులే. బన్నుల డబ్బా ఏమైందో ఎవరికీ తెలీదు. మీటింగులో అడిగితే, "అమ్మా, పేరెంట్సే ర్యాంకులు అడుగుతున్నారు" అన్నారు. అబద్ధం కాదు, నా పక్కన కూర్చున్నాయనే అడిగాడు. కానీ ర్యాంకులకైతే మాకు వీధికో కార్పొరేట్ స్కూలుంది, ఇంత దూరం ఎందుకు పంపుతాం? కేథలిక్ పిల్లలకైతే ఆదివారం గుడిలో సత్యోపదేశం ఉంటుంది. మావాళ్ళకి ఏ ఆదివారం ఉంది?

అందుకని ఈ బడికి నేనిచ్చేది ఐదుకి మూడున్నర మార్కులు. చేర్చేవాళ్ళు మతం గురించి కాదు, ఆ పీరియడ్ గురించి అడగండి. రాతలో అడగండి.

చిన్నదాన్ని కూడా అక్కడే ఆరులో వేశాం. గురువారం నాలుగో పీరియడ్ మోరల్ సైన్స్. ఇంటికి రాగానే ఏం చెప్పారే అని అడుగుతున్నాను. మొదటి వారం ఏదో కథ చెప్పారు, రెండో వారం బొమ్మ గీయించారు. మొన్న గురువారం భిన్నాలట.