సబ్‌జైలా, అబ్జర్వేషన్ హోమా, ఇల్లా? పట్టుబడ్డ పిల్లాడికి ఏది మేలు?

ఒడిశాలోని రాయగడలో ఒక మేనమామ నన్ను అడిగిన మాటతో మొదలుపెడతాను. సెల్‌ఫోన్ దొంగతనం కేసులో అతని మేనల్లుడు దొరికాడు. గుంటడికి పదహారు నిండి నాలుగు నెలలు. "అక్కా, పంతొమ్మిదేళ్లని రాయించేస్తే మేలంట కదా? పెద్దోళ్ల కేసయితే వారంలో జామీను తెస్తానని ఒకాయన అంటున్నాడు. పిల్లల హోమంటే బరంపురం పట్టుకెళ్లిపోతారు, మళ్లీ ఎప్పుడు చూస్తామో ఏమో" అన్నాడు. పక్కనే ఉన్న తల్లి కొంగుతో కళ్లు తుడుచుకుని, "కొన్నాళ్లు లోపలుంటే బుద్ధొస్తదేమోలే అమ్మా" అంది.

జనానికి చట్టం విషయాల్లో సాయపడే పారా లీగల్ వాలంటీరుగా తిరుగుతుంటే ఈ రెండు మాటలూ తరచూ వినపడతాయి. గుణుపురంలోనూ, పర్లాకిమిడిలోనూ ఇవే. పిల్లాడి మీద ప్రేమతోనే అంటారు. కానీ లోపల వాడి పక్కన రాత్రి ఎవరు పడుకుంటారన్నది ఎవరూ అడగరు. నేను మాత్రం ముందు అదే చూస్తాను.

సబ్‌జైలు సంగతి తొందరగా తేల్చేస్తాను. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం పద్దెనిమిది నిండని వాళ్లను లాకప్‌లోగానీ జైల్లోగానీ పెట్టనే కూడదు. ప్రయాణ సమయం తీసేసి 24 గంటల్లో పిల్లల కేసులు విచారించే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. అయినా పిల్లలు జైళ్లకు పోతూనే ఉన్నారు. సమాచార హక్కు కింద వివరాలు రాబట్టిన ఐప్రోబోనో అనే సంస్థ లెక్క ప్రకారం 2016 నుంచి 2021 దాకా ఆరేళ్లలో 9,681 మంది పిల్లలు పెద్దల జైళ్లలో గడిపారు. దేశంలోని కేంద్ర, జిల్లా జైళ్లలో దాదాపు సగం ఇచ్చిన జవాబులతోనే తేలిన సంఖ్య ఇది.

జామీను సులువన్న లెక్క కూడా తిరగబడిందే. పెద్దవాళ్లకు కేసు బెయిలబులా, నాన్‌బెయిలబులా అన్న గొడవ ఉంటుంది. పిల్లల విషయంలో ఈ చట్టంలోని 12వ సెక్షన్ ఆ తేడానే చూడదు. పూచీకత్తు ఉన్నా లేకపోయినా వదలొచ్చు. వదలకపోతే కారణం బోర్డు రాసి పెట్టాలి. పైగా పెద్దవాడిగా రాయించుకున్న కేసు రేపు ఉద్యోగం దగ్గర అడ్డం వస్తుంది.

ఇప్పటికే వయసు తప్పు పడి ఉంటే, కేసు ఏ దశలో ఉన్నా కోర్టుకు చెప్పుకోవచ్చు. మొదట బడి సర్టిఫికెట్ చూస్తారు. అది లేకపోతే మునిసిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన పత్రం. రెండూ లేనప్పుడే ఎముకల పరీక్ష. ఆధార్ మీద భరోసా పెట్టుకోకండి, అది పుట్టిన తేదీకి రుజువు కాదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. మన తెలుగు పిల్లలు చాలామంది ఆంధ్రాలోని పార్వతీపురం వైపు హాస్టల్లో రెండు మూడేళ్లు చదివి వచ్చినవాళ్లు. కాగితం అక్కడే ఉండిపోయి ఉంటుంది. ఎవరో ఒకరు ఆ రోజే రైలెక్కి తెచ్చుకోవాలి.

ఇక అబ్జర్వేషన్ హోమ్. చట్టంలో చూస్తే మంచి ఏర్పాటే. విచారణ జరిగినన్నాళ్లు పిల్లలు ఉండే చోటు. వయసును బట్టి, నేరం తీవ్రతను బట్టి వేరువేరుగా ఉంచాలి. చదువు, కౌన్సెలింగ్, వైద్యం ఉండాలి. జైలుతో పోలిస్తే వెయ్యి రెట్లు మేలు, అందులో నాకు సందేహం లేదు. అలాగని కళ్లు మూసుకుని పంపలేను.

కొన్నేళ్ల కిందట ఒక తల్లితో ములాఖత్‌కి వెళ్లాను. ఏ హోమో చెప్పను. ఆమె జంతికల పొట్లం తెచ్చింది. పిల్లాడు విప్పలేదు. ఒళ్లో పెట్టుకుని పైనుంచే వేళ్లతో తడుముతూ లెక్కపెడుతున్నాడు. "తినరా నాన్నా" అంటే, "తగ్గితే ఊరుకోడు" అన్నాడు చిన్నగా. ఎవరని అడిగేలోగా అక్కడున్న కాపలా మనిషి ఒడియాలో మాట్లాడమన్నాడు. గుంటడి నోరు మూతపడింది. తర్వాత తెలిసింది, ఆ గదికి పెద్ద కుర్రాడొకడు మానిటర్. తిండి పొట్లాలు ముందు వాడికి చేరాలి. తగ్గితే రాత్రి తడి తువ్వాలు ముడేసి కొడతారు. తువ్వాలు దెబ్బ ఒంటి మీద కనపడదు.

రాత్రి పూట సిబ్బంది తక్కువ. గది అదుపులో ఉండాలంటే బలమైన కుర్రాడికి పెత్తనం ఇచ్చేయడం వాళ్లకు తేలిక. పన్నెండేళ్ల వాడు, పదిహేడేళ్ల వాడు ఒకే హాల్లో పడుకుంటే వేరుగా ఉంచాలన్న నిబంధన కాగితం మీదే మిగిలిపోతుంది. పగలంతా చేయడానికి ఏమీ లేకపోతే కుర్రాళ్ల కోపం ఎక్కడికో ఒకచోటికి పోవాలి. కేసులు తెమలకపోతే లోపలి రోజులూ పెరుగుతాయి. రాష్ట్రాల్లో న్యాయం అందే తీరును లెక్కగట్టే ఇండియా జస్టిస్ రిపోర్టు ప్రకారం 2023 అక్టోబరు నాటికి దేశంలోని బోర్డుల ముందు సగానికి పైగా కేసులు పెండింగులో ఉన్నాయి. ఒడిశాలో అయితే నూటికి 83. అది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

అలాంటిచోట కన్నవాళ్లు ఎంత తరచుగా వచ్చి చూస్తే పిల్లాడికి అంత కాపుదల. వాడికోసం వచ్చేవాళ్లు ఉన్నారని తెలిస్తే కొట్టేవాడూ వెనకాడతాడు. అందుకే ఏ హోమ్ అన్నది కూడా చూసుకోవాలి. పిల్లాడిది వేరే ప్రాంతమైతే, వాడికి మేలనుకుంటే, సొంత జిల్లా వాళ్లను సంప్రదించి అక్కడికి బదిలీ చేసే అధికారం 95వ సెక్షన్ కింద బోర్డుకు ఉంది. విశాఖలో దొరికిన రాయగడ పిల్లాడిని ఒడిశాకి మారుస్తామంటే మాత్రం తొందరపడి తలూపకండి. రాయగడ నుంచి విశాఖకు నేరుగా రైలుంది, బరంపురం పోవడమే ప్రయాస. భాష సంగతి చూసినా విశాఖే నయం. ఇచ్ఛాపురం పిల్లాడు బరంపురంలో దొరికితే లెక్క మారుతుంది. విశాఖ కన్నా బరంపురమే వాళ్లకు పక్క ఊరు లాంటిది. తల్లి పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. రాష్ట్రం పేరు చూసి నిర్ణయించేది కాదిది, తల్లి బస్సు చార్జీ చూసి నిర్ణయించాలి.

పిల్లాడు హోమ్‌లో ఉంటే మీకు తెలియాల్సినవి కొన్ని. బోర్డు నెలకు ఒకసారైనా హోమ్ చూడాలి. తనిఖీ కమిటీ మూడు నెలలకోసారి రావాలి, అందులో ఒక మహిళ, ఒక డాక్టరు తప్పకుండా ఉండాలి. సిబ్బందే హింస పెడితే 75వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా కఠిన శిక్ష, ఐదు లక్షల దాకా జరిమానా. పిల్లాడికి ఒడియా రాకపోతే బోర్డు ముందు దుబాసీని అడగొచ్చు, ఆ ఏర్పాటు చట్టంలోనే ఉంది. ఇది మన వాళ్లలో నూటికి తొంభై మందికి తెలియదని నా గట్టి నమ్మకం. దెబ్బల మాట కాపలా మనిషి ముందు అడగకండి. మేజిస్ట్రేటుతో పాటు బోర్డులో ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, ఒకరు మహిళ. పిల్లాడితో ఒంటరిగా మాట్లాడమని వాళ్లను అడగండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసినా చేయొచ్చు.

మూడోది ఇల్లు. నా ఓటు దీనికే. చట్టం కూడా పిల్లలను సంస్థల్లో పెట్టడం ఆఖరి మార్గమనే అంటుంది. అయితే ఇల్లు ప్రతిసారీ భద్రం కాదు. తాగొచ్చి కొట్టే తండ్రి ఉండొచ్చు. వీధి చివర అదే గ్యాంగు కాచుకుని ఉండొచ్చు. ఫోన్ పోగొట్టుకున్నవాళ్లే మనుషుల్ని పోగేసుకుని రావొచ్చు. పిల్లాడికి ప్రమాదమనుకుంటే బోర్డు జామీను కాదనొచ్చు కూడా. అలాంటప్పుడు హోమే దిక్కని చేతులు దులుపుకోకండి. పిల్లాడి నడవడిక కనిపెట్టి చూసే ప్రొబేషన్ ఆఫీసర్ పర్యవేక్షణలో గానీ, తగిన వ్యక్తి సంరక్షణలో గానీ వదిలే దారి ఆ 12వ సెక్షన్‌లోనే ఉంది. అమ్మమ్మగారి ఊరు, పెద్దమ్మ ఇల్లు, ఏదైనా బోర్డుకు చెప్పి చూడాలి. జామీను వచ్చినా షరతులు కట్టలేక వారం దాటితే, మళ్లీ బోర్డు ముందుకు తెచ్చి షరతులు మార్చమని అడగొచ్చు.

బుద్ధి వస్తుందేమో అన్న ఆ తల్లికి నేను జంతికల పొట్లం సంగతి చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. లేచి తమ్ముణ్ణి బడి కాగితం కోసం పంపింది. పిల్లాడు ఇప్పుడు అమ్మమ్మ దగ్గర ఉంటున్నాడు. ప్రొబేషన్ ఆఫీసర్ రమ్మన్న రోజున పని మానుకుని మేనమామే తీసుకెళ్తున్నాడు.