లిబ్రేఆఫీస్ రైటర్‌లో నంబరు జాబితాలు: ఎనిమిదేళ్ల వాడకం తరువాత

సంఘాల నియమావళులు, శిక్షణ పుస్తకాలు తెలుగులో తయారుచేయడం నా పని. ఎనిమిదేళ్లుగా అందుకు లిబ్రేఆఫీస్‌లో పత్రాలు రాసుకునే ప్రోగ్రామైన రైటర్‌నే వాడుతున్నాను. దాని జాబితాల మీద నాకు గురి కుదిరింది మొదటి రోజున కాదు. 140 పేజీల నియమావళి ఒకటి నా చేతిలోనే చెదిరిపోయి, దాన్ని తిరిగి దారికి తెచ్చుకుంటున్నప్పుడు.

అందులో 27వ నిబంధన తరువాత 28 రావలసిన చోట మళ్లీ 1 వచ్చింది. దాని కింది వరుసలు అరంగుళం లోపలికి జరిగిపోయాయి. తేడా కనబడిన ప్రతిచోటా నేను నంబరింగ్ బటన్ నొక్కాను, ఇండెంటును (అంచు నుంచి వరుస లోపలికి జరిగే దూరాన్ని) రూలరు మీద చేత్తో లాగాను. ఒకచోట సరిచేస్తే ఇంకోచోట అంకె మారిపోయేది. తీరా చూస్తే, వేరే ఫైలు నుంచి తెచ్చి పేస్టు చేసిన ఐదు పేరాలు తమ జాబితాను కూడా వెంటబెట్టుకొని వచ్చాయి. కంటికి అంతా ఒకే వరుసగా ఉన్నా, రైటర్ లెక్కలో అవి రెండు వేర్వేరు జాబితాలు. పైగా రూలరు మీద లాగిన ఇండెంటు నేరుగా ఆ పేరాకే అంటుకుంటుంది కాబట్టి, జాబితా స్టైల్‌లో, అంటే జాబితా రూపాన్ని ఒకేచోట నిర్ణయించే అమరికల కట్టలో, కొలతలు ఎన్నిసార్లు మార్చినా ఆ పేరా కదలలేదు.

అప్పటి నుంచి బటన్ జోలికి పోవడం మానేశాను. ఎఫ్11 నొక్కి స్టైళ్ల పట్టీ తెరిచి, ముందుగా ఒక జాబితా స్టైల్‌ను, తరువాత ‘నిబంధన’ అనే పేరా స్టైల్‌ను తయారుచేసి, రెండోదాని అమరికలలో మొదటిదాన్ని జతచేస్తాను. ఇక ఇండెంటు, అంకె, అంకె తరువాతి ఖాళీ అన్నీ జాబితా స్టైల్‌లోనే మార్చాలి. చెదిరిన పేరాలో కర్సరు పెట్టి కంట్రోల్, ఎమ్ కలిపి నొక్కి చేత్తో చేసిన మార్పులను తుడిచేసి, ‘నిబంధన’ మీద డబుల్ క్లిక్ చేయగానే 1 కాస్తా 28 అయింది. ఆ క్షణంలో కలిగిన ఊరట ఇప్పటికీ గుర్తుంది. ఒక పేజీ ఉత్తరానికి ఇంత ఏర్పాటు అక్కరలేదు, బటన్ చాలు.

తెలుగువారు తప్పక గమనించవలసిన సంగతి ఒకటుంది. రైటర్ తెలుగు లిపికీ ఇంగ్లీషు లిపికీ ఫాంటును విడివిడిగా నిర్ణయిస్తుంది. అక్షరాలు మండలి ఫాంటులో ఉండి అంకెలు మరో ఫాంటులో, మరో సైజులో కనబడితే, పేరా స్టైల్‌లోనే రెండింటినీ సరిచూసుకోవాలి.

2023లో వచ్చిన 7.6 వెర్షన్‌లోని స్పాట్‌లైట్ నాకు ఎంతో మేలు చేసింది. అది ప్రతి పేరా పక్కన దాని స్టైల్‌కు చెందిన రంగును, సంఖ్యను చూపిస్తుంది. స్టైల్‌తో సంబంధం లేకుండా చేత్తో మార్చిన పేరాల దగ్గర ఆ రంగు మీద ఏటవాలు గీతలు పడతాయి. పూర్వం గంటసేపు వెతికిన తప్పు ఇప్పుడు పేజీ మీద చూపు సారిస్తే దొరుకుతోంది.

‘14.2 చూడండి’ వంటి మాటలలో అంకెను టైపు చేయకుండా క్రాస్ రిఫరెన్సుగా, అంటే ఆ నిబంధన అంకెను రైటరే తెచ్చి చూపేలా, పెడతాను. మధ్యలో కొత్త నిబంధన చేరినా ఎఫ్9 నొక్కితే అది సరైన అంకెకు మారుతుంది. ఈ స్టైళ్లన్నిటినీ ఒక టెంప్లేటుగా దాచుకున్నాను. కొత్త నియమావళి ఏది వచ్చినా అందులోనే మొదలుపెట్టి, బయటి నుంచి తెచ్చే పాఠాన్ని కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్, వి కలిపి నొక్కి ఫార్మాటు లేకుండా పేస్టు చేస్తున్నాను.