ద్వారకానగర్‌లో ఫ్రెంచి క్రియాకాలాల కోర్సు: ఒక సమీక్ష

పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లతో కిక్కిరిసిన విశాఖ ద్వారకానగర్‌లో, ఒక మేడ మీద నడుస్తున్న చిన్న శిక్షణ కేంద్రం ఫ్రెంచి క్రియాకాలాలకే పరిమితమైన వారాంతపు కోర్సు ఒకటి నిర్వహిస్తోంది. ఫ్రెంచిలో ప్రాథమిక స్థాయి అయిన ఏ2 పూర్తిచేసి, ఆ పై స్థాయి అయిన బీ1కు ఫ్రెంచి భాషా ధ్రువపత్రం ఇచ్చే డెల్ఫ్ పరీక్షకు సిద్ధపడేవారి కోసం దీనిని రూపొందించారు. లోపాలు కూడా రాస్తున్నందున కేంద్రం పేరు చెప్పడం లేదు.

ఈ కోర్సులో మెచ్చుకోదగినది పాస్సే కంపోజే, ఎంపర్ఫే అనే రెండు భూతకాలాలను బోధించిన తీరు. క్రియారూపాల పట్టికలు ఏ వ్యాకరణ పుస్తకంలోనైనా దొరుకుతాయి. ఎక్కడ ఏది వాడాలన్నదే అసలు చిక్కు. ఉపాధ్యాయురాలు ఇందుకు హుద్‌హుద్ తుఫానును ఉదాహరణగా తీసుకున్నారు. 2014 అక్టోబరు 12న తుఫాను విశాఖ వద్ద తీరం దాటింది, కరెంటు పోయింది, చెట్లు కూలాయి: ఇవి జరిగి ముగిసిన సంఘటనలు కనుక పాస్సే కంపోజే. ఆ సమయంలో గాలి హోరుమంటోంది, జనం తలుపులు బిగించుకొని కూర్చుని ఉన్నారు: ఇది సంఘటనల వెనుక పరచుకొని ఉన్న పరిస్థితి కనుక ఎంపర్ఫే. చిన్నప్పుడు ఆదివారాలు బీచికి వెళ్లేవాళ్లమన్న అలవాటును చెప్పడానికీ ఎంపర్ఫేయే.

ఇంగ్లిషు మీదుగా తిరిగి రాకుండా తెలుగు వాక్యం నుంచి నేరుగా ఫ్రెంచికి వెళ్లడం ఈ తరగతి పద్ధతి. 'ఐదేళ్లుగా విశాఖలో ఉంటున్నాను' అన్నచోట ఫ్రెంచి కూడా మనలాగే వర్తమానాన్నే వాడుతుంది. ఇంగ్లిషులో ఆలోచించేవారే అక్కడ భూతకాలం వైపు మొగ్గుతారు. అయితే తెలుగు అన్నిచోట్లా ఆదుకోదు. 'రోజూ వెళ్తాను', 'రేపు వెళ్తాను' అనే రెంటికీ మనకు ఒకే రూపం సరిపోతుండగా, ఫ్రెంచిలో మొదటిది 'జ వే', రెండవది 'జిరే' అవుతాయి. ఈ తేడా మీద చేయించిన అభ్యాసాలు చాలా ఉపయోగపడ్డాయి.

పాస్సే కంపోజేకు సహాయక క్రియగా అవ్వార్ (కలిగి ఉండు) వాడాలా, ఎత్ర్ (ఉండు) వాడాలా అన్న పాఠం కూడా చాలావరకు బాగుంది. మోంతే అనే క్రియ కైలాసగిరి ఎక్కాడన్నప్పుడు ఎత్ర్‌ను, పెట్టెను మేడ మీదికి ఎక్కించాడన్నప్పుడు అవ్వార్‌ను తీసుకుంటుంది. దిగడం, దించడం కూడా ఇంతే. ఎక్కడానికి ఎత్ర్, ఎక్కించడానికి అవ్వార్ అన్న కొండగుర్తుతో తెలుగువారికి ఇది ఇట్టే పట్టుబడుతుంది. కానీ మెట్లు ఎక్కాడన్నప్పుడు, మెట్లు కర్మపదం కావడం వల్ల, ఫ్రెంచి అవ్వార్‌నే కోరుతుందని, అక్కడ ఈ కొండగుర్తు పనిచేయదని ముందే హెచ్చరించి ఉండవలసింది.

సాహిత్యంలో తప్ప మాటల్లో దాదాపు వినిపించని పాస్సే సెంప్ల్ అనే భూతకాలాన్ని చదివి గుర్తుపట్టడం వరకే ఉంచడం సబబే. అవసరం, కోరిక, సందేహం వంటివి చెప్పేటప్పుడు వాడే సుబ్జొంక్తీఫ్ అనే క్రియారూపాన్ని మాత్రం చివరి తరగతిలో హడావిడిగా ముగించారు. ఫలానా పని జరగాలని చెప్పే 'ఇల్ ఫో క' తరువాత అది తప్పనిసరి. ఆశిస్తున్నానని చెప్పే 'ఎస్పెరే క' తరువాత సాధారణంగా రాదు. బీ1 అభ్యర్థులకు నిత్యం ఎదురయ్యే ఇలాంటి భేదాలకు మరింత సమయం కేటాయించాలి. వసూలు చేసే ఫీజుకు అది పెద్ద కోరికేమీ కాదు.

అన్నింటికన్నా పెద్ద లోపం వినికిడి అభ్యాసం దాదాపు లేకపోవడం. 'మాట్లాడాను' అనే 'జే పర్లే', 'మాట్లాడేవాణ్ణి' అనే 'జ పర్లే' చెవికి ఎంత దగ్గరగా ఉంటాయో కాగితం మీద చేసే అభ్యాసాలు చెప్పలేవు. డెల్ఫ్ బీ1లో వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం అనే నాలుగు విభాగాలకు 25 చొప్పున 100 మార్కులు. మొత్తం 50 దాటినా, ఏ ఒక్క విభాగంలోనైనా 5 కన్నా తక్కువ వస్తే ఉత్తీర్ణత లేదు. కనుక చేరదలచినవారు ఆడియో పాఠాల సంగతి ముందే అడిగి తెలుసుకోవాలి, లేదా ఫ్రాన్స్ అంతర్జాతీయ రేడియో ఆర్ఎఫ్ఐ సులభ ఫ్రెంచిలో అందించే వార్తలను సొంతంగా వినే ఏర్పాటు చేసుకోవాలి.